వరిపైరులోని మాంసకృత్తులు: వాని పనులు



నిన్నటి సాయంకాలము మేము పంజగుట్ట చౌరస్తానుండి అమీరుపేట మైత్రీవనము వరకు నడచి వచ్చితిమి. త్రోవపొడవునను కంప్యూటరు విద్య గరపు శాలల పలకలే. వెనుక సందులలో విద్యార్థుల వసతిగృహములు, వానియందు సన్నబియ్యము ఉడుకు వాసన. ఆ యన్నమునకును ఆ పలకలకును గల సంబంధమునే నేడు మనవి చేయదలచితిమి.

మనము ప్రీతితో భుజించు సన్నబియ్యములలో సాంబమసూరి యొకటి. 1986లో బాపట్లనుండి బీ.పీ.టీ. 5204 అను పేర వెలువడినది. దాని రుచిని మెచ్చనివారు లేరు గాని, బాక్టీరియా ఆకుఎండు తెగులు దానికి ప్రబలశత్రువు. హబ్సిగూడ చేరువనున్న సీ.సీ.ఎం.బీ. వారును, రాజేంద్రనగరమందలి వరి పరిశోధనాలయము వారును గూడి, ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అను మూడు నిరోధకజన్యువులను సంకరమువలన దానియందు చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని రైతుల కొసగిరి. జన్యువుల గురుతులు పట్టి మొక్కల నేరుటయే వారి పద్ధతి.

అయినను జన్యువు వ్రాత మాత్రమే. పనిచేయునది మాంసకృత్తు, అనగా ప్రోటీను. ఎక్స్‌ఏ21 జన్యువును 1995లోనే అమెరికాలో వేరుపరచిరి. దానివలన గలుగు మాంసకృత్తు కణపుపొరపై కావలివానివలె నిలుచునని యెరిగిరి. కాని శత్రువునందు అది గుర్తించునదేమి? 2009లో నొక సమాధానము ప్రకటింపబడి, 2013లో ఆ పరిశోధకులచేతనే ఉపసంహరింపబడినది. తమ పొరపాటును తామే లోకమునకు జెప్పిన ఆ ధైర్యమును మేము గౌరవింతుము. తుదకు 2015లో తేలినదేమన, బాక్టీరియా విడుచు రాక్స్‌ఎక్స్ అను చిన్న మాంసకృత్తునే ఆ కావలివాడు పట్టును. అదియును దానిలోని టైరోసీనునకు సల్ఫేటు అంటియున్నప్పుడే. రాక్స్‌ఎక్స్ జన్యువును అక్షరక్షరముగ జదివినను ఆ అంటు కానరాదు.

ఇట్టివానిని వెదకుటకే ప్రోటియోమిక్సు అను శాస్త్రము పుట్టినది. ఆకునందును వేరునందును జన్యువు లొక్కటియే, మాంసకృత్తులు వేరు. ఆరోగ్యముగనున్న ఆకునకును తెగులుసోకిన ఆకునకును వేరు. ఆకును నూరి, మాంసకృత్తులను దీసి, ట్రిప్సినుతో తునియలు చేసి, వానిని మాస్ స్పెక్ట్రోమీటరునందు తూతురు. సల్ఫేటు అంటిన తునియ సుమారు 80 డాల్టనులు బరువెక్కును. ఫాస్ఫేటు అంటినను అంతే! ఆ రెంటికిని భేదము డాల్టనులో నూరవవంతు మాత్రము. బంగారపు త్రాసు నెరిగిన మన పెద్దలకైనను ఇది వింతగ దోచును. మరియొక చిక్కు గలదు. ఆకునందు కరగు మాంసకృత్తులలో సగమువరకు రుబిస్కో అను ఒక్కటియే ఆక్రమించుటచే, కొలదిగనున్న కావలివారు దాని మరుగున పడుదురు. వారిని పట్టుటకు ఎంతయో ఓర్పు వలయును.

తూచిన బరువులు ఒక్కొక్క పరీక్షలో వేలకొలది వచ్చును. 2005లో, మన దేశమును పాల్గొనగా, ముగిసిన వరిజన్యుపట్టికతో వానిని పోల్చవలయును. అది మనుష్యులు వ్రేళ్లపై లెక్కించునది గాదు; కంప్యూటరు పని. అమీరుపేటలో నేర్చుచున్న మన బాలురకును బాలికలకును ఆ లెక్కలు వచ్చును, వరికంకి సంగతి తెలియదు. వ్యవసాయకళాశాలలో జదువువారికి కంకి తెలియును, లెక్కలు రావు. అమీరుపేటలో మెట్రోరైలెక్కిన హబ్సిగూడలో దిగవచ్చును గాని, ఆ త్రోవ బట్టువారు మనలో మిక్కిలి తక్కువ.

తల్లిదండ్రులను నిందింపజాలము. పరిశోధన యనగా ఐదారేండ్లు స్వల్పవేతనము. ఆలోపల ప్రక్కయింటి కుర్రవాడు ఇల్లు కట్టును. కావున పోషకులు ఏటేట నిచ్చు విద్యార్థివేతనములలో రెంటిని, ఐదేసియేండ్లపాటు, ఒకటి లెక్కలు నేర్చి సస్యశాస్త్రము జేరువారికి, ఒకటి సస్యశాస్త్రమునుండి లెక్కలకు వచ్చువారికి కేటాయింపవలయునని కోరుచున్నాము. తీర్మానపు ముసాయిదాను కార్యదర్శిగారికి ఉదయమే ఒసగితిమి.