ఒకే కృష్ణబిలం, రెండు రూపాలు

రేడియో గెలాక్సీ నడిమధ్యన భారీ కృష్ణబిలం ఉంటుంది. దాని చుట్టూ సుడి తిరిగే వాయువంతా లోపలికి పోదు. కొంత పదార్థం అయస్కాంత క్షేత్రాల బలంతో రెండు వైపులా సన్నటి ధారలుగా, దాదాపు కాంతి వేగంతో చిమ్ముకొస్తుంది. ఈ జెట్‌లలోని ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ మెలి తిరుగుతూ రేడియో తరంగాలను వెదజల్లుతాయి.

కేంబ్రిడ్జిలో బెర్నీ ఫానరాఫ్, జూలియా రైలీ 1974లో 57 రేడియో మూలాల పటాలను పరిశీలించారు. ఇరువైపులా బాగా వెలిగే చోట్ల మధ్య దూరం మొత్తం పొడవులో సగానికి తక్కువైతే మొదటి తరగతి, ఎక్కువైతే రెండోది. కొలత చిన్నదే, దొరికింది మాత్రం పెద్దది: మొదటి తరగతివి రేడియోలో మందకొడివి, రెండో తరగతివి శక్తిమంతమైనవి. ఫానరాఫ్ ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో కార్మిక సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసి, మళ్లీ రేడియో టెలిస్కోపుల నిర్మాణానికి సారథి అయ్యారు.

సిగ్నస్ ఎ రెండో తరగతికి చక్కని ఉదాహరణ. దాని జెట్‌లు చెదరకుండా కొసదాకా సాగి, గెలాక్సీ బయటి వాయువును ఢీకొని అక్కడ ప్రకాశిస్తాయి. దాని జంట రూపాన్ని 1953లో బయటపెట్టినవారు జెన్నిసన్, మృణాల్ కుమార్ దాస్‌గుప్తా. మొదటి తరగతికి చెందిన ఎం87లో దాదాపు 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉన్నా, జెట్ త్వరగా నెమ్మదించి పొగలా విచ్చుకుంటుంది. అంటే బరువొక్కటే రూపాన్ని తేల్చదు.

మరి తేల్చేదేమిటి? కృష్ణబిలానికి వాయువు అందే తీరు జెట్ బలాన్ని మారుస్తుంది. ఆ జెట్ చీల్చుకుపోవలసిన వాయువు చిక్కదనం దాన్ని నిలుపుతుంది, లేదా చెదరగొడుతుంది. 2000లో గోపాల్ కృష్ణ, పాల్ వీటా ఒక వైపు మొదటి తరగతిగా, మరో వైపు రెండో తరగతిగా కనిపించే మూలాలను ఎత్తిచూపారు. రెండు జెట్‌లకూ మూలం ఒకే కృష్ణబిలం కనుక తేడా దారిలోనే వచ్చిందన్నది వారి వాదన. ఆ వాదన బలమైనదే. ఐరోపాలోని లోఫార్ టెలిస్కోపు మందకొడిగా వెలిగే రెండో తరగతి గెలాక్సీలను కూడా చూపడంతో, పాత సరిహద్దు మరింత చెరిగింది.

కొత్త పట్టభద్రులకు ఈ రంగం దూరమేమీ కాదు. పుణె దగ్గర ఖోడద్‌లో 30 యాంటెనాల జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఉంది. సరైన ప్రశ్నతో ప్రతిపాదన పంపి, ఆ టెలిస్కోపుపై పరిశీలనా సమయం కోరవచ్చు.