ఎత్తుకు ఎగరాలంటే

హోసూరు వైపు వెళ్ళండి, బళ్ళారి వైపు వెళ్ళండి, అటు బరంపురం దాకా వెళ్ళండి. సాయంత్రమయ్యేసరికి ఎక్కడో ఒకచోట రెండు గుంజలు, ఒక వల, దాని చుట్టూ పదిమంది పిల్లలు కనబడతారు. నీకేం కావాలిరా అని వాళ్ళలో ఎవరినైనా అడగండి. "ఇంకో అరడుగు పైకి ఎగరాలి సార్" అంటాడు. ఆ అరడుగు సంగతే ఈనాటి ప్రసంగం.

వాలీబాల్‌లో పురుషుల వల ఎత్తు 2 మీటర్ల 43 సెంటీమీటర్లు, స్త్రీలకు 2 మీటర్ల 24. నిలబడి చెయ్యి చాపితే 2 మీటర్ల 20 సెంటీమీటర్లు అందే కుర్రవాడు 40 సెంటీమీటర్లు ఎగిరాడనుకోండి. వేలి కొసలు వలకు 17 సెంటీమీటర్లు పైకి వెళతాయి. బంతి అడ్డుకొలతే దాదాపు 21 సెంటీమీటర్లు. కాబట్టి నాలుగు సెంటీమీటర్లు పెరిగినా ఆటలో తేడా తెలుస్తుంది.

1986 సియోల్ ఆసియా క్రీడలలో మన దేశం వాలీబాల్ కాంస్యం గెలిచింది. ఆ జట్టులో మన తెలుగువారు పి.వి. రమణగారు ఉన్నారు, కేరళకు చెందిన జిమ్మీ జార్జ్ ఉన్నారు. అటువంటి గొప్ప ఆటగాళ్ళను చూస్తే గాలిలో ఒక్క క్షణం ఆగిపోయినట్టు అనిపిస్తుంది. గాలిలో ఎవరూ ఆగరండీ. అర మీటరు ఎగిరినవాడు పైకి పోయి కిందికి రావడానికి పట్టేది సెకనులో మూడింట రెండు వంతులకన్నా తక్కువే. అందులో సగం కాలం ఆ ఎగిరిన ఎత్తులో పై పావు భాగంలోనే గడుస్తుంది. అందుకే ఆగినట్టు కనబడతాడు. పాదం నేల వదిలాక ఎత్తు పెంచుకోవడానికి చేయగలిగింది ఇక ఏమీ లేదు. నేల వదిలే క్షణంలో ఎంత వేగం ఉందో, ఎత్తు అంత. అర మీటరుకు సెకనుకు మూడు మీటర్లకు కాస్త పైన వేగం కావాలి. సాధన అంతా ఆ వేగం కోసమే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1991లో నేను హోసూరు దగ్గర ఒక బడిలో డ్రిల్లు మాస్టారుగా ఉండేవాణ్ణి. తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు, మంచి హిట్టరు. జిల్లా పోటీలకు ఎంపికయ్యేలా ఉన్నాడు. ఆ రోజుల్లోనే ఎవరో మిత్రులు జిరాక్స్ కాగితాలు కొన్ని ఇచ్చారు. సోవియట్ శిక్షకుడు యూరి వెర్ఖొషాన్‌స్కీ 1960లలో రూపొందించిన పద్ధతి గురించి అందులో ఉంది. ఎత్తు మీద నుంచి కిందికి దిగి, కాలు నేలకు తగలగానే తిరిగి పైకి ఎగరాలి. ఎత్తు 75 సెంటీమీటర్లు, ఇంకా ముదిరినవారికి 110 అని రాసి ఉంది. నేను అంకెలు చదివాను. అవి ఏళ్ళ తరబడి బరువులెత్తి కాళ్ళు గట్టిపడిన క్రీడాకారుల కోసమన్న సంగతి పట్టించుకోలేదు. మా బడి అరుగు నడుమెత్తు ఉండేది, కింద బండపరుపు. రోజూ యాభైసార్లు దూకమన్నాను.

మూడు వారాలకు వాళ్ళమ్మ బడికి వచ్చింది. "సారూ, మా పిల్లోడు మెట్లు దిగలేక కూకోని దిగతా ఉండాడు. మీరేం నేర్పిస్తా ఉండారు వానికి?" అంది. నొప్పి మోకాలి చిప్ప కింద. జట్టులోంచి తీసేస్తానేమోనని వాడు నాకు చెప్పలేదు. ఆ సంవత్సరం పోటీలు పోయాయి. తరువాతి ఏడు మళ్ళీ ఆడాడు, కానీ సెట్టరుగా. నేనే మార్పించాను.

ఆ పద్ధతి చెడ్డదని కాదు. దానిని ఇప్పుడు ప్రపంచమంతటా ప్లయోమెట్రిక్స్ పేరుతో వాడుతున్నారు. ఉండేలు రబ్బరు సాగదీసి వదిలినట్టు, కండను చప్పున సాగదీసి వెంటనే ముడిస్తే బలం ఎక్కువ వస్తుంది. ఒక్క తేడా ఉంది. రబ్బరును ఎంతసేపు లాగి పట్టుకున్నా బలం పోదు. కండ అలా కాదు, కింద ఆగితే ఆ లాభం పోతుంది. మీరే చూడండి. ఒకసారి మోకాళ్ళు వంచి రెండు సెకన్లు ఆగి ఎగరండి, మరోసారి ఆగకుండా ఎగరండి. తేడా మీకే తెలుస్తుంది. చేతులు వెనక్కి తీసుకుపోయి ముందుకు విసిరితే మరికొంత కలుస్తుంది. చాలామంది పిల్లలు చేతులనే మరచిపోతారు.

మరి ఎలా మొదలుపెట్టాలి? మొదటి నెల గెంతులు తక్కువ, బస్కీలు ఎక్కువ. మన తాతలు గరిడీలలో తీసిన బస్కీలే. కాకపోతే నెమ్మదిగా, మడమ లేవకుండా. ఒంటికాలితో అరుగుమెట్టు ఎక్కి దిగడం, పిక్కల కోసం మునివేళ్ళ మీద లేవడం కూడా చేయించండి. బరువు కావాలంటే వీపున ఇసుక సంచి చాలు. ఈ నెలలోనే దిగడం నేర్పాలి. ఒక్క మెట్టు మీద నుంచి దిగమనండి. చప్పుడు వినబడకూడదు. మోకాళ్ళు లోపలికి వాలకుండా కాలివేళ్ళ దిశలోనే వంగాలి. ఆడపిల్లలకు మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం ఎక్కువ కాబట్టి వాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం.

రెండో నెలలో గెంతులు. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. కాలు నేలను తాకిన లెక్క రోజుకు 60, మహా అయితే 80. మట్టి మీదో పచ్చిక మీదో చేయాలి, సిమెంటు మీద కాదు. ప్రతి గెంతూ పూర్తి శక్తితో ఉండాలి. ఆయాసంతో గెంతేది ఎత్తుకు పనికిరాదు, అది దమ్ము సాధన అవుతుంది. ఎత్తు తగ్గుతోందని కనబడితే ఆ రోజుకు ఆపేయండి. పై నుంచి దిగి ఎగిరే గెంతు చివరి వారాలలో మాత్రమే, అదీ ఒక అడుగు ఎత్తు నుంచి మొదలుపెట్టాలి.

ఫలితం ఎంత అంటారా? మామూలుగా రెండు మూడు నెలలకు ఐదు నుంచి పది శాతం. నలభై సెంటీమీటర్లు ఎగిరేవాడికి రెండు నుంచి నాలుగు. నెలలో అడుగు పెంచుతామని పుస్తకాలమ్మేవారు, వీడియోలమ్మేవారు చెబుతారు. ఆ డబ్బుతో వేరుశనగకాయలు, గుడ్లు కొని పెట్టండి. సంకటి ఎలాగూ ఇంట్లో ఉంది.

ఒక మాట తల్లిదండ్రులకు. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ వయసులో, ఎముక పెరిగేటప్పుడు, మోకాలి కింద బొడిపెలా లేచి నొప్పి పుట్టవచ్చు. నొప్పి ఉన్నప్పుడు గెంతులు ఆపించి డాక్టరుకు చూపించండి. పిల్లవాడు చెప్పడు. మెట్లు దిగేటప్పుడు గమనించండి.

కొలవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వేళ్ళకు ముగ్గుపిండి రాసుకుని, గోడ పక్కన నిలబడి, మడమలు ఆనించి, అందినంత ఎత్తులో ఒక గుర్తు పెట్టాలి. తరువాత ఎగిరి మరో గుర్తు. రెండింటి మధ్య దూరమే మీ ఎగురు. అమెరికాలో డడ్లీ సార్జెంట్ 1921లో చెప్పిన నిలువు గెంతు పరీక్షకు ఇది ఒక రూపం, నేటికీ పనికొస్తోంది. మూడుసార్లు ఎగిరి మంచిది తీసుకోండి. గోడ మీద పక్కనే తేదీ వేయండి, ఎనిమిది వారాల తరువాత అదే గోడ దగ్గర, అదే వేళకు మళ్ళీ కొలవండి. సున్నం వేసేవారికి మాత్రం ముందే చెప్పి ఉంచండి.