మీటింగు లేని సంఘం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పుస్తకాలు ఫోనులోకి వచ్చేస్తున్నాయి కదా, రేపు సంఘాన్ని కంప్యూటరే నడిపేస్తే ఇక మీటింగులెందుకని మొన్న ఒక చెల్లెమ్మ అడిగింది. నవ్వేసి ఊరుకునే మాట కాదది.

అలాంటి సంఘాన్ని నిజంగానే పెట్టి చూశారు. 2016లో, ఎథీరియం అనే కంప్యూటర్ల నెట్‌వర్కు మీద. పేరు ది డావో. ప్రెసిడెంటు లేదు, ఆఫీసు లేదు. ఒకరి ముఖం ఒకరు చూడని వేలమంది కలిసి దాదాపు 15 కోట్ల డాలర్లు జమ చేశారు. ఏ పనికి డబ్బివ్వాలో సభ్యులు ఓటేస్తారు, ఓటు నెగ్గితే ప్రోగ్రామే పంపేస్తుంది. లెక్కల పుస్తకం ఒక్కరి దగ్గర ఉండదు, వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. కార్తీకమాసం చివర మన అనంత పద్మనాభుడి కొండ మెట్ల మీద దీపాలు పెడతాం కదా, ఒకటి ఆరితే మెట్లన్నీ చీకటైపోవు. అలాగన్నమాట.

మనకిది మరీ కొత్తేమీ కాదు. సంఘాలు కలిసి గ్రామ సంఘం, అవి కలిసి మండల సమాఖ్య. తీర్మానం రాసి, లీడర్లు సంతకాలు పెడితేగానీ బ్యాంకులో రూపాయి కదలదు. మన పంచసూత్రాలు కూడా ఒక ప్రోగ్రామే.

అయితే ఆ ఏడు జూన్‌లోనే డావోకి దెబ్బ తగిలింది. సభ్యుడు తన వాటా వెనక్కి అడిగితే, ప్రోగ్రాం ముందు డబ్బిచ్చి తర్వాత పుస్తకంలో తగ్గించేది. ఒకడు అది కనిపెట్టాడు. ఇచ్చింది రాసేలోపే మళ్లీ అడిగాడు, మళ్లీ ఇచ్చింది. అలా సుమారు మూడోవంతు నిధి లాగేశాడు. "తీసుకెళ్లమ్మా, సాయంత్రం రాసుకుంటాలే" అనే బుక్‌కీపర్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చేతులెత్తక్కర్లేదు లెండి.

ఆ డబ్బు కొన్ని వారాలు బయటికి తీయడానికి వీల్లేని రూలు ఉండబట్టి బతికారు. ఈలోగా కంప్యూటర్లు నడిపేవాళ్లంతా వాదించుకుని, జూలైలో ఎక్కువమంది ఒప్పుకుని, పుస్తకం మార్చి డబ్బు సభ్యులకి తిరిగొచ్చేలా చేశారు. రాసిన రూలు రూలేనన్న కొందరు పాత పుస్తకంతోనే విడిపోయారు. మీటింగే లేని సంఘం చివరికి మీటింగు పెట్టుకుంది.

మా సంఘంలో ఒకామె భర్త పనిలో కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు వాయిదాలు ఆగిపోయాయి. ప్రోగ్రాం అయితే బాకీదారు అని రాసేసేది. మేం కూర్చుని, వాయిదా తగ్గించి తీర్మానం రాశాం. ఆమె అంతా కట్టేసింది. అలాగని మేం మంచోళ్లమేం కాదు. ఇంకోసారి లీడరు బంధువని ఒకామెకి ఊరికే గడువిచ్చాం. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. ప్రోగ్రాం ఆ మొహమాటం పడేది కాదు.

ఇంకో సంగతి. ఫోను కొడుకు చేతిలోనో ఆయన చేతిలోనో ఉంటే, ఓటీపీ వాళ్లకే వస్తే, మన లెక్క మనం చూసినట్టేనా? అందుకే ఈ నెల మీటింగులో ఒక పని పెట్టుకుందాం. ప్రతి సభ్యురాలు తన పొదుపెంతో, తన అప్పెంతో తన నోటితో చెప్పాలి. బుక్‌కీపర్ ఫోనులో ఉన్నది పైకి చదవాలి. చదువు రానివాళ్ల లెక్క పక్కనున్నామె చూడాలి. తేడా వస్తే అక్కడే తీర్మానం పుస్తకంలో రాయాలి. ఆ రోజుకి కొత్త అప్పులు ఆపుదాం, లెక్క కుదిరాకే ఇద్దాం.