చెవిలో కీచురాయి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు పట్టాలం కబుర్లు చెప్తామనుకున్నారు. పిల్లలు కూడా అదే ఆశతో ముందు వరసలో కూర్చున్నట్టున్నారు. తుపాకీ సంగతే చెప్తాం గాని, అది పేల్చినవాడి చెవిని ఏం చేస్తుందో ఆ ముక్క చెప్తాం. ఎందుకంటే ఇప్పుడు, ఈ మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నప్పుడు కూడా మా ఎడమ చెవిలో వొక కీచురాయి అరుస్తూనే వుంది. నలభై ఏళ్ళ పైనుంచి అది ఊరుకున్నది లేదు.

"మనలో తుపాకీ పట్టేవాళ్ళు ఎంతమంది వున్నారండీ, ఈ ప్రసంగం ఎవరికి?" అని నిన్న వొక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటికి వెళ్ళి వేళ్ళమీద లెక్కపెట్టి చూశాం. సైన్యం నుంచి రిటైరైన వాళ్ళం కొందరం వున్నాం. పోలీసు శాఖలో వున్నవాళ్ళు వున్నారు. రిటైరయ్యాక బ్యాంకుల దగ్గర పన్నెండు బోరు తుపాకీ భుజాన వేసుకుని గార్డులుగా నిలబడ్డవాళ్ళు వున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా కాలేజీల్లో ఎన్.సి.సి.లో చేరిన మన పిల్లలు వున్నారు, ఆడపిల్లలు కూడా. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్య పతకం తెచ్చాడు. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో అదే హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పతకాలు తెచ్చింది. ఇక రైఫిల్ క్లబ్బు అంటే పిల్లలకు సరదా పుట్టదా? పుట్టాలి కూడా. మేము వద్దనేవాళ్ళం కాము.

మేము పట్టాలంలో చేరింది 1972లో. ఆ రోజుల్లో మాకు ఇచ్చింది 7.62 రైఫిలు, ఎస్.ఎల్.ఆర్. అనేవాళ్ళం. మొదటి రోజు రేంజిలో వరసగా పడుకుని గుండ్లు కాల్చాం. లేచేసరికి ఉస్తాద్ నోరు కదులుతోంది, మాట వినబడదు. చెవుల్లో గుయ్యిమని హోరు. సాయంత్రం బ్యారక్‌లో అందరిదీ అదే పరిస్థితి. నవ్వుకున్నాం. ఎవడైనా చెవిలో దూది పెట్టుకుంటే "ఏం బేగం సాహెబా, చెవిపోగులా?" అని ఆటపట్టించేవాళ్ళం. ఆ మాటన్న వాళ్ళలో మేమూ వున్నాం, దాచడం దేనికి. మర్నాటికి హోరు తగ్గిపోయేది. తగ్గింది గనుక ఏమీ కాలేదనుకున్నాం. అక్కడే మోసపోయాం.

ఆ మోసం ఏమిటో తరవాత చదివి తెలుసుకున్నాం. 2009లో అమెరికాలో కుజావా, లిబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు పెద్ద చప్పుడు వినిపించి చూశారు. కొన్నాళ్ళకు వాటి వినికిడి పరీక్షలో మామూలుగానే తేలింది. లోపల చూస్తే మాత్రం చెవి నుంచి మెదడుకు కబురు మోసే నరాల అతుకులు చాలా భాగం శాశ్వతంగా పోయి వున్నాయి. హోరు తగ్గినంత మాత్రాన చెవి బాగుపడిందని కాదన్న మాట.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం వుంటుంది. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు వొక్కో చెవికి పదిహేను వేలకు అటూ ఇటూగా వుంటాయి. చప్పుడు వస్తే అవి పైరు గాలికి వూగినట్టు వూగి నరానికి కబురు పెడతాయి. తుపాకీ చప్పుడు గాలి కాదు, తుపాను. పడిపోయిన పైరు మళ్ళీ లేవదు. కోడిపిల్లకు ఆ కణాలు మళ్ళీ మొలుస్తాయట, మనిషికి మొలవవు. అల్లా మనకు కంటికి రెప్ప ఇచ్చాడు, చెవికి ఇవ్వలేదు. మధ్య చెవిలో పెద్ద చప్పుడుకు బిగుసుకునే వొక చిన్న కండరం వుంది గాని, అది బిగుసుకునే లోపల గుండు చప్పుడు లోపలికి వెళ్ళిపోయి వుంటుంది.

చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. ఇది మన తూకంలాంటిది కాదు. పది పెరిగితే శక్తి పది రెట్లయినట్టు. 85 డెసిబెళ్ళలో రోజుకు ఎనిమిది గంటలు పనిచెయ్యొచ్చునంటారు. మూడు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. మరి ఎన్.సి.సి. పిల్లలు పట్టే .22 రైఫిలు, "బొమ్మ తుపాకీ" అని మేము ఎగతాళి చేసేది, దాని చప్పుడే 140కి అటూ ఇటూగా వుంటుంది. పన్నెండు బోరు, పెద్ద రైఫిళ్ళు 150 దాటి 160 పైకి కూడా పోతాయి. అక్కడ గంటల లెక్క, నిమిషాల లెక్క ఏమీ లేదు. వొక్క గుండు చాలు. నాలుగు గోడల మధ్య రేంజి అయితే చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి మరింత చేటు. గాలి తుపాకీ చప్పుడు వీటితో పోలిస్తే చాలా తక్కువ.

ఇక్కడ పరమవీరచక్ర హవల్దార్ అబ్దుల్ హమీద్ సాహెబ్‌ను తలుచుకోకుండా వుండలేం. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద అమర్చిన రికాయిల్‌లెస్ గన్నుతో శత్రువు టాంకుల్ని ధ్వంసం చేసి, అక్కడే షహీద్ అయ్యారు. ఆ గన్ను మంట వెనక్కు కూడా చిమ్ముతుంది. దాని పక్కన నిలబడ్డవాడి చెవి సంగతి వేరే చెప్పాలా? యుద్ధంలో చెవి చూసుకునే తీరిక వుండదు. కాని రేంజిలో, శాంతికాలంలో, తీరిగ్గా నేర్చుకుంటూ చెవులు పోగొట్టుకోవడం ఏ వీరత్వం?

మా సంగతికి వస్తాం. 1984లో వొక రోజు ఫైరింగ్ అయ్యాక హోరు మొదలైంది. మర్నాడు పోలేదు. వారానికీ పోలేదు. పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్తే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారని భయం. ఆ తరవాత చెప్పినా చేసేదేమీ లేకపోయింది. ఎడమ చెవిలోనే ఎందుకు ఎక్కువ అంటే, కుడి భుజాన బట్టు ఆనించి తల వంచితే కుడి చెవి తల చాటున పడుతుంది, ఎడమ చెవి గొట్టం కొస వైపు తిరిగి వుంటుంది. ఎడమచేతి వాటం వాళ్ళకు ఇది తిరగబడుతుంది.

హోరుతో పాటు వినికిడి కూడా మెల్లగా తగ్గుతుంది. అదీ వొక తమాషాగా తగ్గుతుంది. ముందు సన్నని ధ్వనులు పోతాయి, నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కలవి. మాట చప్పుడు వినబడుతుంది గాని స, ష, త, ఫ తెలియవు. "వింటున్నాం గాని అర్థం కావట్లేదు" అంటే ఇంట్లో వాళ్ళకు కోపం. మా ఇంట్లో ఆమె చాలా ఏళ్ళు మేము కావాలనే పలకడం లేదనుకుంది. "అజీ, గోడకు చెప్పినా ఈపాటికి వినేది" అనేది. చిన్న గొంతుతో మాట్లాడే పిల్లలు మా దగ్గరికి రావడం తగ్గించారు. అది మాకు హోరు కంటే ఎక్కువ బాధ.

మా చిన్నమ్మాయి పెళ్ళి మాటలప్పుడు జరిగింది చెప్తాం. ఈ సంగతి ఇదివరకు బయట చెప్పలేదు. గదినిండా జనం, పైన ఫ్యాను, పక్క గదిలో పిల్లల గోల. మా ఎడమ పక్కన పెళ్ళికొడుకు వైపు పెద్దాయన కూర్చున్నారు. మెత్తని మనిషి, మెత్తని గొంతు. భోజనాలకు ఎంతమంది వస్తారో చెప్తున్నారు. 'తీన్ సౌ' అని మేము అనుకున్నాం, ఎందుకంటే మా మనసులో వున్నది అదే. "జీ హాఁ, జీ హాఁ" అని తల వూపాం. మా బావమరిది మావైపు కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. ఆయన అన్నది 'పాంచ్ సౌ'. మళ్ళీ అడిగి వుంటే అయిపోయేది. చెవుడని తెలిస్తే అమ్మాయికి ఏం వంక వస్తుందోనని అడగలేదు. ఇచ్చిన మాట వెనక్కు తీసుకోలేదు, రెండు వందల మంది భోజనాలకు అప్పు చేశాం, మూడేళ్ళు తీర్చాం. వియ్యంకులకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు సావనీరులో అచ్చు వేస్తే తెలుస్తుంది, పోనివ్వండి.

ఇక ఈ హోరుతో బతకడం ఎట్లా? ముందుగా వొక మాట. ఇది పిచ్చి కాదు, సైతాను గుసగుస కాదు. దీన్ని టిన్నిటస్ అంటారు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు బాగా వినబడే 80 మందిని చప్పుడు చొరని గదిలో కూర్చోబెడితే, నూటికి 94 మంది ఏదో వొక చప్పుడు వినబడుతోందన్నారు. అంటే మెదడు నిశ్శబ్దాన్ని ఊరికే వదలదు. చెవి నుంచి రావలసిన కబురు తగ్గితే తానే గొంతు పెంచుకుంటుంది. సంగీతంలో అంతటి బీథోవెన్ కూడా తన చెవులు రాత్రింబగళ్ళు హోరెత్తుతున్నాయని 1801లో స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు.

దీన్ని పూర్తిగా మాన్పే మాత్ర ఇంతవరకు లేదు. ఎవరైనా వుందని అమ్మితే కొనకండి. వేడి నూనె, వెల్లుల్లి రసం చెవిలో పొయ్యకండి. కర్ణభేరికి చిల్లు వుంటే అది లోపలికి పోయి ఇంకో జబ్బు తెస్తుంది. అట్లాగని ఇంట్లో కూర్చోనూ వద్దు. వొక్కోసారి గులిమి అడ్డుపడ్డా హోరు వస్తుంది, తీస్తే పోతుంది. కొన్ని మందులు, ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, జెంటామైసిన్ వంటివి కూడా కారణం కావచ్చు. వొక్క చెవిలోనే హోరు వున్నా, గుండె కొట్టుకున్నట్టు లయతో వినబడినా, కళ్ళు తిరుగుతున్నా చెవి డాక్టరుకు చూపించుకోవాల్సిందే. వొక చెవి హఠాత్తుగా వినబడకపోతే మాత్రం ఆ రోజే పరుగెత్తండి. రోజులు గడిచేకొద్దీ వైద్యం పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. మేము పదిహేను రోజులు దాచిన తప్పు మీరు చెయ్యొద్దు.

మాకు పనికొచ్చినవి రెండు. రాత్రి నిశ్శబ్దంలో కీచురాయి సింహమై కూర్చుంటుంది. టేబుల్ ఫ్యాను వేసుకుంటాం, చలికాలమైనా సరే, గోడవైపు తిప్పి. ఆ చిన్న చప్పుడులో ఇది కలిసిపోతుంది. రెండోది వినికిడి యంత్రం. సిగ్గుపడి పదేళ్ళు పెట్టుకోలేదు. కళ్ళజోడుకు లేని సిగ్గు దీనికి ఎందుకో! పెట్టుకున్న మొదటి వారంలోనే ఫజర్ అజాన్ మొదటి పదం నుంచి వినబడింది. బయటి చప్పుళ్ళు లోపలికి రాగానే లోపలిది వెనక్కు తగ్గింది. దిగులు, నిద్రలేమి మరీ ఎక్కువైనవాళ్ళకు మాటలతో చేసే మానసిక చికిత్స వుంది. హోరును ఆపదు గాని, దాన్ని పట్టించుకోకుండా వుండడం నేర్పుతుంది. మా పట్టాలం స్నేహితుడొకరు దానితోనే తేరుకున్నాడు.

ఇప్పుడు పిల్లలు వినండి. దూది పనికిరాదు. వేలు పెట్టుకుంటే ట్రిగ్గర్ ఎవరు నొక్కుతారు? నురుగులాంటి మెత్తని ఇయర్ ప్లగ్గులు మందుల షాపుల్లో దొరుకుతాయి, ధర కూడా ఎక్కువ కాదు. ప్లగ్గును వేళ్ళ మధ్య సన్నని వత్తిలాగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు రంధ్రం తిన్ననవుతుంది. లోపలికి పెట్టి అర నిమిషం వేలితో అదిమి వుంచాలి, అది ఉబ్బి మూసుకుంటుంది. అద్దంలో చూస్తే సగం బయటికి వేలాడుతుంటే అది పెట్టుకున్నట్టు కాదు. దానిమీద చెవి డిప్పలు, అదే ఇయర్ మఫ్‌లు పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండూ కలిపితే రెట్టింపు కాపుదల వస్తుందనుకోకండి, సుమారు అయిదు డెసిబెళ్ళే కలుస్తుంది. పెద్ద తుపాకులకు, గోడల మధ్య రేంజికి ఆ అయిదూ కావాలి.

మన ఇళ్ళ పిల్లలకు వొక ప్రత్యేకమైన సంగతి. డిప్ప అంచు చర్మానికి అంటుకుని వుండాలి. టోపీ అంచు, కళ్ళజోడు లావు కాడ, స్కార్ఫు మడత మధ్యలో వస్తే ఆ సందులోంచే చప్పుడు దూరుతుంది. అమ్మాయిలు ముందు ప్లగ్గులు పెట్టుకుని, ఆ పైన స్కార్ఫు కట్టుకోవచ్చు. పరదా పోదు, చెవీ పోదు. ఇంకొకటి, మీ వంతు అయిపోగానే తియ్యకండి. పక్కవాడి తుపాకీకి మీ చెవి ఎవరిదో తెలియదు. రేంజి ఆగిందని చెప్పేదాకా వుంచాలి.

పెళ్ళి ఊరేగింపుల్లో టపాకాయల గురించి కూడా అనాలనిపిస్తోంది. నాలుగు మీటర్ల దూరంలో 145 డెసిబెళ్ళు దాటే టపాకాయ మన దేశంలో నిషేధం. నియమం 1999 నుంచీ వుంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆ పక్కనే నడుస్తాం మనం.

మా మనవడు ఈ డిసెంబరులో ఎన్.సి.సి. క్యాంపుకు వెళ్తున్నాడు. "దాదా, అవి పెట్టుకుంటే నవ్వుతారు" అన్నాడు. 1972లో నవ్విన వాళ్ళ పేర్లు చెప్పాం. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఫోనులో మాట వినలేరు. వాడు ఏమీ అనలేదు గాని ప్లగ్గుల జత జేబులో వేసుకున్నాడు. చూస్తాం, పెట్టుకుంటాడో లేదో.

కార్యదర్శిగారి బల్ల మీద వొక డబ్బా పెట్టాం. అందులో రెండు వందల జతలు వున్నాయి. క్యాంపులకు వెళ్ళే పిల్లలు ఎవరైనా అడక్కుండా తీసుకోవచ్చు. పెట్టుకోవడం చూపిస్తాం, సభ అయ్యాక రండి. కుడివైపు నుంచి వచ్చి పిలవండి. ఖుదా హాఫిజ్.