దండనముతో న్యాయము ముగియునా?
(పఠనమందిర సభయందలి యుపన్యాసము)



ఒక గృహస్థుని యింట దొంగతనము జరిగినదనుకొనుడు. దొంగ పట్టుబడును, విచారణ జరుగును, అతడు చెరసాలకు పోవును. సొత్తు గోల్పోయిన గృహస్థునకు దక్కున దేమి? సాక్షిగా బోనెక్కి, వకీళ్ల ప్రశ్నలకు బదులు చెప్పి, యింటికి మరలుటయే. నేరము ప్రభుత్వమునకు విరోధముగా జరిగినదని శాసనము తలంచును. గాయము మాత్రము మనుష్యునకు దగిలినది. ఈ కొఱత దీర్చుటకే పునరుద్ధరణ న్యాయమను పద్ధతి యేర్పడినది.

1974వ సంవత్సరమున, కెనడా దేశమందలి ఎల్మైరా యను చిన్న పట్టణమున, ఇద్దఱు యువకులు మద్యము మత్తులో నొక్క రాత్రి బండ్ల టైర్లు కోసి, కిటికీలు పగులగొట్టి, 22 చోట్ల నష్టము గలిగించిరి. మార్క్ యాంట్జీ యను ప్రొబేషను ఉద్యోగి, వీరు నష్టపడినవారిని స్వయముగా గలిసికొనుట మేలని న్యాయాధిపతికి సూచించెను. న్యాయాధిపతి యందుల కంగీకరించెను. యువకులు తలుపు తలుపు తట్టి తమ తప్పును తమ నోటనే యొప్పుకొనిరి. నష్ట మెంతయో బాధితుల నోట వినిరి. కొన్ని నెలలలో పరిహారము చెల్లించిరి. చెరసాలలో గూర్చుండుట కంటె నా గడపలు ద్రొక్కుటయే కఠినతరమని మా యభిప్రాయము.

1989లో న్యూజిలాండు ప్రభుత్వము, మావోరీ జనుల యాచారము నాదరించి, బాలనేరస్థుల కొఱకు కుటుంబ సమావేశములను శాసనబద్ధ మొనర్చెను. బాలుడు, వాని బంధువులు, బాధితుడు, పోలీసు ఉద్యోగి యొక్కచో గూర్చుండి, చెడిన దానిని సరిచేయు మార్గమును నిర్ణయింతురు.

"మాకును రాజీ గలదు గదా" యని మీ రనవచ్చును. నిజమే. 2024 జూలై 1వ తేది నుండి యమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయందలి 359వ సెక్షను కొన్ని నేరములకు రాజీ నంగీకరించుచున్నది. కాని పెద్దమనుష్యుల యొత్తిడికి లోబడి బీదవాడు వేలిముద్ర వేసిన కాగితమును మేము న్యాయమనజాలము. అది రెండవ గాయము. బాధితుడు స్వేచ్ఛగా సమ్మతింపవలయును. కాదనినచో నతనిపై నెట్టి యొత్తిడియు నుండరాదు. అపరాధి ముందుగా తప్పొప్పుకొనవలయును. మధ్యవర్తి యే పక్షమునకును జెందక, తన పనిలో శిక్షణ పొందినవాడై యుండవలయును. ఈ మూడింటిలో నేది లోపించినను సమావేశము బలవంతుని యాటగా మాఱును.

దండనము వలదని మేము చెప్పుట లేదు. ఘోర నేరములకు శిక్ష తప్పదు. కాని శిక్ష విధించిన నాడే తన పని తీఱినదని సంఘము చేతులు కడిగికొనరాదు. నష్టపడినవాని నడిగినారా, అతనికి గావలసిన దేమియో? ఈ ప్రశ్న ప్రతి న్యాయస్థానమునను వినబడవలయును.