సెలెక్షన్ మైదానంలో తలిదండ్రులు

నాగపూరులో మన సంఘం జరిపిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెట్రిక్ వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగా కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. మైకు ముందు నిలబడడం నాకిదే మొదలు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "పిల్లల ఆటల సంగతి నాలుగు మాటలు చెప్పవయ్యా, నీకు అనుభవం ఉంది కదా" అన్నారు. ఉన్నమాట నిజమే. అయితే అది గెలిచిన అనుభవం కాదు, ఓడిన అనుభవం. దానివల్ల మీలో ఒకరిద్దరికైనా ఉపయోగం ఉంటుందేమోనన్న ఆశతో ఒప్పుకున్నాను.

ఇంతకు ముందే పంచాంగ శ్రవణం విన్నాము. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శాస్త్రిగారు చదువుతూంటే అందరమూ వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాము. పెద్దవాళ్లకు ఇవన్నీ ఏడాది పొడుగునా పంచుకుని వస్తాయి. క్రికెట్ సెలెక్షనుకు పోయిన పదమూడేళ్ల పిల్లవాడికి మాత్రం రాజపూజ్యమో, అవమానమో ఒక్క పూటలో వచ్చి మీద పడుతుంది. అదీ కన్నవారి కళ్లెదుట.

ఆ మైదానం చూడని వారికోసం అక్కడ జరిగేది చెబుతాను. ఉదయం ఆరు గంటలకే పిల్లలు వరుస కడతారు. జనన ధ్రువపత్రం, ఆధార్, బడినుంచి తెచ్చిన బోనఫైడ్ కాగితం చూసి, ఒక నంబరు రాసిన గుడ్డముక్క ఇస్తారు. దాన్ని తల్లో తండ్రో పిల్లవాడి వీపుకు పిన్నీసులతో గుచ్చుతారు. ఆ క్షణంనుంచి వాడికి పేరుండదు, నంబరే. కిందటి ఏడు మేము పోయినచోట మూడువందలమందికి పైగా వచ్చారు. జట్టులో చోటు పదిహేనుమందికి. ఒక్కొక్కడికి పన్నెండు బంతులు, ఆరు వేగంగా వచ్చేవి, ఆరు స్పిన్ను. షెడ్డు కింద కూర్చున్నవాళ్లు కాగితంమీద ఏదో గీత పెడతారు. వాడు నాలుగేళ్లుగా తెల్లవారుజామున లేచి నేర్చిన విద్య ఆ పన్నెండు బంతుల్లో కనబడాలి. కనబడితే అదృష్టం.

తాడుకు ఇవతల మా తలిదండ్రుల వరుస. అక్కడ నా పక్కన నిలబడినాయనతో గంటసేపు మరాఠీలో మాట్లాడాను. ఉన్నట్టుండి ఆయన, "ఎడమకాలు ముందుకెయ్యరా వెధవా!" అని కేకవేశారు. "మీరూ మనవాళ్లేనా!" అన్నాను. ఆయన నవ్వి కామ్టీనుంచి వచ్చామన్నారు. అలా ఆ చెట్టుకింద నాలుగు తెలుగు కుటుంబాలు కలిశాయి. పులిహోర పొట్లాలు విప్పుకుని కష్టసుఖాలు చెప్పుకున్నాము.

ఒక తల్లి కథ నాకు బాగా గుర్తుంది. ఆమె కొడుకు వికెట్ కీపరు. ఆరు గంటలకు గ్లవుసులు తొడుక్కుని నిలబడినవాణ్ణి ఒంటిగంట దాకా ఎవరూ పిలవలేదు. ఆమె తిన్నగా షెడ్డు దగ్గరకు పోయి, "బాబూ, మావాడి నంబరు మీ కాగితంలో ఉందా లేదా?" అని అడిగింది. వెతికితే లేదు. పొరపాటు ఒప్పుకుని వాణ్ణి పిలిచారు. కొద్దిసేపు ఆడించారు, తీసుకోలేదు. అయినా ఆ పిల్లవాడు వచ్చి పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తనకోసం అడిగినవాళ్లున్నారన్న ధైర్యం వాడిది.

కామ్టీ ఆయన పెద్దకొడుకు అంతకు రెండేళ్ల క్రితం సెలెక్టయ్యాడట. "అయితే ఏమిటండీ? సీజనంతా నీళ్లసీసాలు మోశాడు. ఒక్క మ్యాచి ఆడలేదు. పేరు లిస్టులోకి రానివాడికి ఒకరోజే ఏడుపు, పేరు వచ్చి ఆడనివాడికి ఆరునెలలు" అన్నారాయన. ఎంపికతోనే గట్టెక్కుతామనుకునే నాబోటివారికి అది కొత్త పాఠం.

ఇక నా కథ. మా అబ్బాయికి పోయిన సంవత్సరమే పదునాలుగేళ్లలోపు వర్గంలో ఆఖరి అవకాశం. వాడికోసం ఇంగ్లీషు విల్లో బ్యాటు కొన్నాను, పదహారువేలు. మా సొసైటీలో అప్పు తీసి కొన్నాను. ముందురోజు రాత్రి వాడు వింటూండగానే మా ఆవిడతో వాయిదాల లెక్క మాట్లాడాను. అదే నేను చేసిన మొదటి తప్పు. మర్నాడు వాడు నెట్లోకి పోయినప్పుడు ఆడుతున్నది బంతిని కాదు, నా అప్పును. మూడో బంతికే బౌల్డు. తరువాత రెండు మంచి దెబ్బలు కొట్టాడు కాని చేతులు బిగుసుకుపోయాయి. సాయంత్రం గోడకు అంటించిన లిస్టు చూశాము. వెయిటింగ్ లిస్టులోని ప్రయాణికుడు చార్టుమీద వేలు పెట్టి పైనుంచి కిందకు, మళ్లీ కిందనుంచి పైకి వెతుక్కోవడం ఒకప్పుడు నేను రోజూ చూసిందే. ఆ రోజు వెతికిన వేలు నా కొడుకుది.

స్కూటరు మీద సగందూరం నోరు విప్పలేదు. విప్పాను, విప్పకుండా ఉంటే బాగుండేది. "పదహారువేల బ్యాటుతో ఆ బంతికి ఔటవుతావా?" అన్నాను. వాడు మారు పలకలేదు. ఇంటికి వచ్చి ఆ బ్యాటును గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి, అటకమీద పడేశాడు. నెలరోజులు కాలనీ మైదానం మొహం చూడలేదు.

అంతటితో నాకు బుద్ధి రాలేదు. వయస్సు లెక్కకు సెప్టెంబరు 1వ తేదీ గీత. మావాడు ఆగస్టు 14న పుట్టాడు. పద్దెనిమిది రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే ఇంకొక ఏడాది దక్కేది. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "కొత్త ధ్రువపత్రం పుట్టించవచ్చు, అందరూ చేసేదే" అన్నాడు. నేను ఆఫీసులో చూసేది ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను. సర్వీసు పుస్తకంలో పుట్టినతేదీ గడి ఎంత పవిత్రమైనదో నాకు తెలిసినంత మరెవరికి తెలుస్తుంది? అయినా మనస్సు ఊగింది. రాత్రి మా ఆవిడతో గుసగుసగా చెప్పాను. "మీకు మతిపోయిందా" అని ఆమె మందలించింది. తెల్లవారి కాఫీ తాగుతూంటే వాడు వచ్చి నిలబడి, "నాన్నా, ఎవరైనా అడిగితే నేను ఎప్పుడు పుట్టానని చెప్పాలి?" అన్నాడు.

సభ్యులారా, నా ఉద్యోగజీవితంలో చార్జిషీటు ఎరగను. ఆ మాటే నాకు చార్జిషీటు. "ఆగస్టు 14నే పుట్టావురా, అదే చెప్పు" అన్నాను. అంతకంటె మాట పెగలలేదు.

దొరికిపోతామన్న భయమూ ఉండవలసిందే. పదహారేళ్లలోపు ఆటగాళ్లకు క్రికెట్ బోర్డువారు ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయస్సు కడతారు. టి.డబ్ల్యు.3 అని ఆ పద్ధతి పేరు. తప్పుడు తేదీ ఇచ్చినవారు తమంతట తాము ఒప్పుకుంటే క్షమిస్తామనీ, దాచి దొరికితే రెండేళ్లు నిషేధిస్తామనీ 2020లో ప్రకటించారు. కాని నన్ను ఆపింది ఎక్స్‌రే కాదు, ఆ పిల్లవాడి ప్రశ్న.

ఈ ఊరి తెలుగువారిమి మనం ఒకరిని తలచుకోవాలి. సి.కె. నాయుడుగారు 1895లో ఈ నాగపూరులోనే, మనవంటి తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుమీద 153 పరుగులు చేశారు, అందులో 11 సిక్సర్లు. 1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు పోర్‌బందరు మహారాజు. లార్డ్సులో మన దేశపు మొట్టమొదటి టెస్టు వచ్చేసరికి మహారాజు తప్పుకోగా నాయకత్వం నాయుడుగారికి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 36. తొలి ఇన్నింగ్సులో మన జట్టులో ఎక్కువ పరుగులు, 40, ఆయనవే. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడినప్పుడు ఆయనకు 61 ఏళ్లు. మన విదర్భ జట్టు సంగతీ అంతే. 1957-58లో రంజీలో అడుగుపెట్టి, తొలికప్పు 2017-18లో గెలిచింది. మరుసటి ఏడూ గెలిచింది, 2024-25లోనూ గెలిచింది. అరవై ఏళ్లు ఆగిన జట్టున్న ఊళ్లో ఉంటూ మనం పదమూడేళ్ల పిల్లవాణ్ణి ఒక్క పూటకు తీర్పు చెప్పేస్తున్నాము.

మన పిల్లలందరూ నాయుడుగారంతటివారు అవుతారని నేను చెప్పను. మూడువందలమందిలో పదిహేనుమంది పోగా తక్కినవారంతా ఇంటికి రావలసినవారే. వాళ్లు ఏ ఇంటికి వస్తున్నారన్నదే మన చేతిలో ఉన్నది.

కనుక తోటి తలిదండ్రులకు నా మనవి ఇది. బ్యాటు ఖరీదు, అప్పు సంగతి పిల్లల చెవిన పడనీయకండి. తాడు దగ్గర నిలబడి పాఠాలు చెప్పకండి, గురువు ఒకడే ఉండాలి. న్యాయంగా అడగవలసింది ఉంటే ఆ తల్లిలా మర్యాదగా అడగండి. తిరుగుదారిలో మొదటిమాట "ఆకలేస్తోందా?" అన్నదే కానివ్వండి. ఔటైన బంతి సంగతి వాడు ఎత్తినప్పుడు మాట్లాడవచ్చు. పుట్టినతేదీ జోలికి పోకండి. చదువు మాన్పించకండి. ధోనీ 2001నుంచి 2003దాకా ఖరగ్‌పూరులో టికెట్లు తనిఖీ చేశాడని అందరూ చెప్పుకుంటారు. నిజమే, రైల్వేలో క్రీడాకారుల కోటా ఉంది. కాని ఆ దరఖాస్తులోనూ విద్యార్హత గడి ఉన్నది. అది నేను రోజూ చూసే కాగితం.

మన సంఘానికి ఒక విన్నపం. పిల్లలకు పొట్టివైపోయిన ప్యాడ్లు, గ్లవుసులు, హెల్మెట్లు ఎన్నో ఇళ్లలో మూలపడి ఉన్నాయి. సంఘం గదిలో ఒక బీరువా కేటాయిస్తే, అవన్నీ అందులో చేర్చి, కావలసినవారికి ఇవ్వవచ్చు. నావంతుగా మావాడి పాత కిట్టు ఇవాళే తెచ్చాను.

మావాడు నెల తరువాత తనే అటకెక్కి బ్యాటు దించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఈ ఏడు పదహారేళ్లలోపు పిల్లల్లో చిన్నవాడుగా పోయి నిలబడతాడు. రాకపోవచ్చు, రావచ్చు. నేను తాడు దగ్గర కాక చెట్టుకింద కూర్చుంటాను, అన్నం కారియరు పట్టుకుని. నా రాశికి ఈ సంవత్సరం అవమానం మూడు అన్నారు శాస్త్రిగారు. అందులో ఒకటి ఆ మైదానంలో రాసిపెట్టి ఉంటే అది నేనే తీసుకుంటాను, పిల్లవాడి నెత్తిన వేయను.