నర్సులకు నేర్పవలసిన మరో పాఠం

నేను ఉర్దూ మీడియం మాస్టరును, నా తెలుగులో తప్పులుంటే మాఫ్ చేయాలి.

మన ఆడపిల్లలు నర్సింగు కోర్సుల్లో చేరుతున్నారు. సంతోషం. నా దగ్గర చదివిన ఒకమ్మాయి మొన్న ఈద్‌కు వచ్చి, "సార్, డాక్టరుగారు చెప్పింది తప్పని తోస్తే ఏం చేయాలి?" అనడిగింది. నేను తడబడ్డాను. ఇరవై ఏళ్లుగా 'పెద్దల మాట వినండి' అని నేర్పుతున్నవాణ్ణి కదా!

అమెరికాలో టస్కీగీ అనే ఊరుంది. 1932లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ సిఫిలిస్ ఉన్న 399 మంది పేద నల్లజాతి మగవాళ్లను పరిశీలనకు తీసుకుంది. జబ్బు పేరు చెప్పలేదు, 'చెడ్డ రక్తం' అన్నారంతే. తర్వాత పెనిసిలిన్ వచ్చింది, అదీ ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా నలభై ఏళ్లు సాగింది. వాళ్లను కారులో పరీక్షలకు తీసుకెళ్లింది యూనిస్ రివర్స్ అనే నర్సు. ఆమె కూడా నల్లజాతి స్త్రీయే. క్షేమం అడిగేది, వాళ్లూ ఆమెను నమ్మారు. చెడ్డ మనిషి అని నేననను. డాక్టరు మాట దాటకూడదని ఆ రోజుల్లో నేర్పేవారు.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953 నియమావళిలో డాక్టరు ఆదేశాలను విధేయతతో పాటించమంది, అనైతికమైన పనిలో చేరవద్దనీ అంది. 1973లో దాన్ని సవరించి, నర్సు మొదటి బాధ్యత రోగి పట్లనే అని రాసింది.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. "ఎదురడిగితే నౌకరీ పోతే, సార్?" అంది. ఒంటరి పిల్ల ఆ భయాన్ని మోయలేదు. వార్డులో ఒక సీనియరు, ఇంట్లో అమ్మానాన్నలు వెనక నిలబడాలి. ఈ హాల్లో అలాంటి అమ్మానాన్నలు ఎందరున్నారో అడుగుదామనే లేచాను.